మూడో గేదెకు అజీర్తి

నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు పోల్చుకోవడం వచ్చు. అంతకు మించి చదువు లేదు. అందుకని నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నా మాటల్ని కాస్త కడిగి తుడిచి రాస్తానంది. కడుక్కో గానీ నేను చేసిన తెలివితక్కువ పనుల జోలికి మాత్రం వెళ్ళకు, ఉన్నవి ఉన్నట్టు రాయి అన్నాను.

"అవి తీసేస్తే ఇంక రాయడానికి ఏముంటుందండీ అత్తయ్యా?" అంది. అప్పుడే మొదలుపెట్టింది, చూశారా.

మాది కడియం దగ్గర ఊరు. ఇంటి ముందు పూలమొక్కల నర్సరీ, ఇంటి వెనక గేదెల పాక. నర్సరీ మా అబ్బాయిదీ కోడలిదీ. పాక నాది. మా ఆయన పోయిన తరవాత ఈ ఇంట్లో నా మాట చెల్లే చోటు ఆ పాక ఒక్కటే మిగిలింది. అందులో రెండు గేదెలు. పెద్దది, చిన్నది. పెద్దదానికి కోపం ఎక్కువ, పని తక్కువ, అరుపు మరీ ఎక్కువ. చూసినవాళ్ళు అత్తాకోడళ్ళ ఇంట్లో ఇది ఎవరి పోలికో అడగక్కర్లేకుండానే చెప్పేస్తారు. నా గొంతు అలాంటిది. నేను పాకలో గేదెను కేకేస్తే రోడ్డు మీద పోయేవాళ్ళు సైకిలు ఆపి "మమ్మల్నేనాండీ?" అని అడుగుతారు.

ఆ గేదెలను అమ్మేద్దామని మా అబ్బాయి పట్టుబట్టాడు. నా మోకాళ్ళ నొప్పులు ఒక కారణం. పాక వెనక పేరుకున్న పెంటపోగు ఇంకో కారణం. పక్కింటి వదిన కొత్తగా మేడ వేసుకుంది. ఆ మేడ మీది కిటికీ సరిగ్గా మా పెంటపోగు వైపు తెరుచుకుంటుంది. రోజూ పొద్దున్నే ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఏంటొదినా, ఇవాళ ఈగలు మా ఇంటికి టిఫినుకొచ్చాయి, మీ ఇంట్లో పెట్టలేదా?" అనేది.

"అమ్మా, పాలు ప్యాకెట్టు తెచ్చుకుందాం. ఆ పాక తీసేస్తే అక్కడ మొక్కలు పెట్టుకోవచ్చు," అన్నాడు మా అబ్బాయి.

"నన్ను కూడా తీసేసి అక్కడో క్రోటన్ మొక్క పెట్టరా," అన్నాను.

కోపంతో అన్నాను గానీ లోపల భయమే. గేదెలు పోతే పొద్దున లేచి నేనేం చెయ్యాలి? టీవీ చూసి దేవుడి పాటలు వినే వయసు నాకింకా రాలేదనుకుంటాను. మా కోడలు వచ్చిందనే అంటుంది.

అలాంటి రోజుల్లో తణుకు దగ్గర మా చెల్లెలి ఊరు వెళ్ళాను. వాళ్ళ పక్కింట్లో పేడతో గ్యాసు తయారుచేసే ప్లాంటు ఉంది. పొయ్యి వెలిగించి చూపించారు. నీలం మంట, పొగ లేదు, వాసన లేదు. పెంటపోగు కూడా లేదు. వేసిన పేడంతా పలచటి ఎరువై ఇంకో వైపు నుంచి వస్తోంది. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఇంటి వంటంతా గేదెల మీద నడిస్తే వాటిని అమ్మే ధైర్యం ఎవడికుంటుంది? బస్సెక్కి ఇంటికి వచ్చేదాకా ఇదే ఆలోచన. దిగాల్సిన చోట దిగకుండా రావులపాలెం నుంచి ఎక్కినవాళ్ళతో కలిసి రాజమండ్రి దాకా పోయి మళ్ళీ వెనక్కి వచ్చాను.

మొత్తానికి నా పంతం నెగ్గించుకున్నాను. ప్లాంటు కట్టడానికి కాకినాడ నుంచి ఒకాయన వచ్చాడు. మంచివాడు, ఓపికస్తుడు. పాక పక్కన గొయ్యి తవ్వించి, బాన బోర్లించినట్టు ఇటుకలతో గుండ్రటి కప్పు కట్టించాడు. ఇటువైపు పేడా నీళ్ళూ కలిపి పోయడానికి ఒక తొట్టి. అటువైపు లోపల పులిసి గ్యాసు ఇచ్చేసిన పేడ, పలచటి ఎరువుగా పొంగి రావడానికి ఇంకో తొట్టి. కప్పు నెత్తి మీద గొట్టం. ఆ గొట్టం గోడ వెంబడి మా వంటింట్లోకి వచ్చి పొయ్యికి తగులుకుంది.

"చూడండమ్మా," అన్నాడు ఆయన వెళ్ళేముందు. "బకెట్టు పేడకి బకెట్టు నీళ్ళు. ఉండలు లేకుండా కలపాలి. మీ రెండు గేదెల పేడ దీనికి సరిపోద్ది. వంటింటి తొక్కలూ అవీ వేస్తే ఓ గుప్పెడు వెయ్యండి, అంతే. ఎక్కువ మాత్రం పెట్టకండి."

"ఆయ్, అలాగేనండి," అన్నాను.

మా వైపు ఇళ్ళల్లో భోజనానికి కూర్చున్నవాడు "చాలండి" అంటే మేం ఎలా వింటామో మీకు తెలుసు కదా. నేనూ ఆయన మాటను అలాగే విన్నాను. మా ఆయన విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "ఇంక వద్దే" అంటే, నేను ఆయన వేళ్ళ మీదే నెయ్యి పోసేదాన్ని. ఆ వేళ్ళు నాక్కుంటూ నన్ను తిట్టేవాడు. ఆ తిట్లు నాకు మెచ్చుకోళ్ళలాగే వినిపించేవి.

మొదట్లో గ్యాసు వచ్చినా అంటుకోలేదు. కొన్నాళ్ళు అలా వదలాలని ఆయన ముందే చెప్పాడు. తరవాత ఒక రోజు అంటుకుంది. ఆ రోజు నేను వీధిలో పోతున్న ప్రతి మనిషినీ లోపలికి పిలిచి కాఫీ పోశాను. పక్కింటి వదిన కూడా వచ్చింది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూసింది.

"పేడ వాసనేం రావట్లేదే," అంది, ఏదో నష్టపోయినదానిలాగా.

"కావాలంటే తెచ్చి కలుపుతానొదినా," అన్నాను.

ఇలా నవ్వుకుంటూ ఉంటే సరిపోయేది. కానీ మా కోడలు నోరు విప్పింది.

"అత్తయ్యా, కాఫీ కాయడం గొప్ప కాదండి. కార్తీకమాసం అంతా ఇంటి వంట దీని మీద చేసి చూపించండి. ఒక్క పూట కూడా సిలిండరు తిప్పకూడదు. అలా అయితే గేదెలు ఉంటాయి. తిప్పాల్సి వచ్చిందా, పోలిపాడ్యమి కాగానే బేరగాణ్ణి రమ్మంటాను."

"రమ్మను. వాడికీ దీని మీదే వండిపెడతాను," అన్నాను.

మా అబ్బాయి అప్పుడే అన్నాడు, "అమ్మా, పందెం వద్దమ్మా, నీకు ఓడిపోవడం చేతకాదు," అని. వాడి మాట వినలేదు. వాడి మాట నేనెప్పుడు విన్నాను గనక?

కార్తీకంలో మొదటి రోజులు బాగా గడిచాయి. తెల్లవారకముందే తలస్నానం, దీపం, ఆ తరవాత నా పూజ ఇంకోటి ఉండేది. పేడ తట్ట తెచ్చి తొట్టిలో వేసి, నీళ్ళు పోసి, చేత్తో ఉండలు చిదుపుతూ కలపడం. దీపం పెట్టిన చేత్తోనే పేడ కలుపుతున్నానని వదిన కిటికీలోంచి బుగ్గలు నొక్కుకునేది. ఇంట్లో అందరికీ ఉల్లీ వెల్లుల్లీ లేని వంట, రెండు పూటలా గ్యాసు మీదే. పొంగి బయటికి వచ్చిన ఎరువును మా కోడలు మొదట అనుమానంగా చూసింది. ఆ తరవాత ఒక గులాబీల వరసకు మగ్గుతో పోసింది. ఎందుకే అంటే, "ఊరికేనండి, చూద్దామని," అంది.

నేను గెలుస్తున్నాను. గెలుస్తున్నప్పుడు ఊరుకోవడం చేతనైన మనిషిని కాదు నేను.

చలి మొదలవుతోంది. సాయంత్రం పూట మంట కాస్త పొట్టిగా వస్తోందని నాకు అనుమానం తగులుకుంది. నిజంగా వచ్చిందో, నా కంటికే అలా కనిపించిందో ఇప్పటికీ తెలియదు. గేదె పాలు తగ్గిస్తే మనం ఏం చేస్తాం? తవుడు పెంచుతాం, తెలగపిండి నానబెట్టి పెడతాం. ఇది కూడా మేసేదే కదా, ఇటు నుంచి తిని అటు నుంచి వేస్తోంది కదా, దీనికీ అంతే అనుకున్నాను. మొదటి రోజు దోసెడు తవుడు కలిపాను. మర్నాడు తెలగపిండి. ఆ తరవాత కుడితి గోలెంలో పోయాల్సిన గంజి, బియ్యం కడుగు, పులిసిన మజ్జిగ, కూరల తొక్కలు, అన్నీ దీనికే. పెద్దది గోలెంలో మూతి పెట్టి, అడుగున పలచటి నీళ్ళు తప్ప ఏమీ లేకపోవడం చూసి, తల ఎత్తి నా వైపు ఒక చూపు చూసింది. నలభై ఏళ్ళ కాపురంలో మా ఆయన కూడా నన్ను అలా చూడలేదు.

మంట పెరిగింది. నిజం, పెరిగింది! ఒక రెండు రోజులు మూకుడు దించలేనంతగా వచ్చింది. దాంతో నాకు ఇంక పట్టపగ్గాలు లేవు.

ఆ ఆదివారం మా వీధివాళ్ళమంతా ఊరి చివరి తోటలో ఉసిరిచెట్టు కింద వనసమారాధన చేసుకున్నాం. మావాళ్ళ వంటల సంగతి తెలిసిందే. వచ్చినవాళ్ళు ఎంతమందైనా వండేది దానికి రెట్టింపు. చివరికి గంగాళంలో సగం పులిహోర మిగిలింది. సాంబారు మిగిలింది, పెరుగన్నం మిగిలింది, చక్రపొంగలి మిగిలింది. ఏం చేద్దామని అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే నేను ముందుకు వచ్చాను.

"మా ఇంటికి పంపించండి. మా మూడో గేదెకు పెడతాను," అన్నాను.

అందరూ నవ్వారు. నేను పొంగిపోయాను. అన్నీ ఆ ఒక్క గంగాళంలోకే వంచి, ఆటోలో ఎక్కించుకుని, పొర్లిపోకుండా కాళ్ళతో అదిమి పట్టుకుని, ఊరేగింపుగా ఇంటికి వచ్చాను. కోడలు నర్సరీలో ఉంది. నేను అరటాకులు తీసేసి, జీడిపప్పులు ఏరి నోట్లో వేసుకుంటూ, గంగాళానికి గంగాళం ఆ తొట్టిలో పోశాను. అది గుటకలు వేసినట్టు చప్పుడు చేస్తూ తీసుకుంది. "తిను తల్లీ, మొహమాటపడకు," అన్నాను. పాపం, అది చెయ్యి అడ్డం పెట్టలేదు కదా.

మర్నాటి పొద్దున్నే బయటి తొట్టిలో నురుగు. సబ్బు నురుగు కాదు, బుడగలు బుడగలుగా పొంగి, తొట్టి దాటి నేల మీదికి పాకుతోంది. వాసన చూస్తే పాడైపోయిన ఇడ్లీపిండి. వంటింట్లోకి పరిగెత్తి పొయ్యి తిప్పాను. బుస్సుమని గాలి వచ్చింది. అగ్గిపుల్ల పెడితే ఆ గాలే అగ్గిపుల్లను ఆర్పేసింది. ఇంకో పుల్ల. దాన్నీ ఆర్పింది.

గేదెకు కడుపు ఉబ్బితే ఏం చెయ్యాలో నాకు తెలుసు. వాము కషాయం కాచాను. కాయడానికి పొయ్యి లేదు కాబట్టి పెరట్లో మూడు ఇటుకలు పెట్టి, పుల్లలు ఎగేసి కాచాను. అది పోశాను. సరిపోలేదేమోనని పుల్లటి మజ్జిగలో ఇంగువ కలిపి పోశాను. ఆముదం సీసా కూడా చేతిలో ఉంది. అది పోసేలోపు కోడలు వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏంటత్తయ్యా ఇది? సీమంతం చేస్తున్నారా దీనికి?"

"అజీర్తి చేసిందే."

"ఏం పెట్టారు?"

"ఏం లేదే. కొంచెం పులిహోర."

"కొంచెం అంటే?"

గంగాళం అప్పటికింకా పెరట్లో బోర్లించి ఉంది. కోడలు దాన్ని చూసింది, నన్ను చూసింది. అరిస్తే బాగుండేది. అరిస్తే నేనూ అరిచేదాన్ని, సరిపోయేది. లోపలికి వెళ్ళింది. కాసేపటికి సిలిండరు తిప్పిన చప్పుడు వినబడింది, ఆ వెంటనే లైటరు టిక్కుమంది. ఇంట్లో జనానికి టిఫిను పెట్టాలి కదా, ఆమెనేం అనను?

అంతే. పందెం పోయింది. గేదెలు పోయాయి. నేను పాకలోకి వెళ్ళి చిన్నదాని పక్కన కూర్చున్నాను. మా అబ్బాయి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"పోలిపాడ్యమి అయ్యాక రమ్మందమ్మా నీ కోడలు, బేరగాణ్ణి," అన్నాడు, చెప్పులు నేలకు రాస్తూ.

"సరేరా," అన్నాను. నా నోటి నుంచి ఆ ఒక్కమాటే వచ్చేసరికి వాడు కంగారుపడి, జ్వరమా అమ్మా అని నుదురు పట్టుకుని చూశాడు.

గేదెలు పోయినా ఆ మూడోదాన్ని అలా వదిలెయ్యడానికి మనసొప్పలేదు. నా చేతి తిండి తిని పడిపోయింది. ఆ మధ్యాహ్నం కోడలే కాకినాడ ఆయనకు ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"ఏం వేశారమ్మా?" అన్నాడాయన.

"మీరు చెప్పినట్టే అండి, పేడా నీళ్ళూ," అన్నాను.

"పులిహోరండి," అంది కోడలు ఫోను దగ్గరికి వంగి. "గంగాళం. సాంబారు కూడానండి. అంతకు ముందు తవుడు, తెలగపిండి. పొద్దున వాము కషాయం, ఇంగువ వేసిన మజ్జిగ."

 లైను కట్టయిందేమో అనుకున్నాను. తరవాత తెలిసింది, ఆయన ఫోను పక్కకు పెట్టి నవ్వుతున్నాడని.

"అమ్మా, లోపల పులుపెక్కిపోయిందండి. గ్యాసు చేసే పురుగులు ఆ పులుపుకి పని మానేస్తాయి. ఇంకేం వెయ్యకండి. పేడ కూడా వద్దు. సున్నపుతేట కొంచెం, కొంచెమంటే నిజంగా కొంచెమేనండి, అమ్మాయిగారి చేత పోయించండి. మీరు పోయకండి. ఆ తరవాత దాన్ని పస్తు పెట్టండి."

నా చేత వద్దన్నాడు చూశారా. ఫోనులోనే నా చెయ్యి కనిపించింది ఆయనకు.

ఆ సాయంత్రం ఇంకో ఘనకార్యం చేశాను. బయటి తొట్టిలో పొంగిన ఆ నురుగు నీళ్ళు నేలమీద పారుతుంటే చూడలేక, ఎరువే కదా, ఊరికే పోనివ్వడం ఎందుకని, బకెట్లకెత్తి కోడలి చామంతి కుండీలకు పోశాను. కార్తీకంలో చామంతులంటే నర్సరీకి అదే పండగ. రెండు రోజుల్లో ఆకులు అంచులు మాడి వేలాడాయి. కోడలు ఆ కుండీలను ఒక్కొక్కటే ఎత్తి పాక వెనక పెట్టింది, నాకు కనిపించేలాగా. నేను ఆ దారిన వెళ్ళడం మానేసి, ఇల్లంతా చుట్టి వీధివైపు నుంచి పాకకు వెళ్ళేదాన్ని. (ఇక్కడ కోడలు రాయడం ఆపి, "నేను మీకు చూపించడానికి పెట్టలేదండి, అక్కడ నీడని పెట్టాను," అంటోంది. ఏమో. ఆమె మాట కూడా పడాలి కాబట్టి రాయమన్నాను.)

ఇంక పస్తు సంగతి. ఆ కార్తీక సోమవారాలు నేనూ ఉపవాసమే. మా ఉపవాసమంటే అన్నం ముట్టకూడదు. అన్నం కాదు కాబట్టి ఉప్మా తినొచ్చు. రెండు పళ్ళు, ఓ గ్లాసు పాలు, ఎవరూ చూడకపోతే మిగిలిన చిట్టిగారె. అలా కడుపునిండా ఉపవాసం ఉండి, ఆ ప్లాంటు పక్కన పీట వేసుకుని కూర్చునేదాన్ని. అది మాత్రం నిజంగా ఏమీ ముట్టుకోకుండా ఉంది. మా ఇద్దరిలో ఆ శివుడు ఎవరి ఉపవాసం లెక్కలో వేసుకున్నాడో చెప్పక్కర్లేదు.

ఊరుకోలేక అన్నవరం సత్యనారాయణ స్వామికి మొక్కుకున్నాను. వ్రతానికి వెళ్ళే పక్కింటి వదిన చేతికి కొబ్బరికాయ ఇచ్చి, కొండ మీద కొట్టి రమ్మన్నాను.

"దేనికొదినా మొక్కు?"

"కడుపు బాగుపడాలని."

"ఎవరి కడుపు?"

చెప్పక తప్పలేదు. ఆవిడ కొబ్బరికాయ పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఆ గుళ్ళో పిల్లలు పుట్టాలని మొక్కుతారు, పెళ్ళిళ్ళు కావాలని మొక్కుతారు. పేడగుంతకు విరేచనం కావాలని నేను ఏ మొహం పెట్టుకుని అడగనొదినా?" అంది. కానీ కొట్టి వచ్చింది. ప్రసాదం కూడా తెచ్చింది. "నువ్వు తిను, దానికి పెట్టకు," అని మరీ ఇచ్చింది.

నెమ్మదిగా నురుగు తగ్గింది. పులుపు వాసన పోయి మామూలు పేడ వాసన వచ్చింది. ఆ వాసనకు అంత సంతోషించిన మనిషి ఈ డెల్టాలో ఇంకొకరు ఉండరు. కాకినాడ ఆయన చెప్పినట్టు కోడలు కొంచెం కొంచెంగా పేడనీళ్ళు పోయడం మొదలుపెట్టింది. ఆమె పోస్తుంటే నేను పక్కన నిలబడి, "ఇంకో మగ్గు పొయ్యవే, ఆకలేస్తోంది దానికి," అనేదాన్ని. ఆమె బకెట్టు పక్కన పెట్టేసేది.

అమావాస్యకు ముందు పొయ్యి అంటుకుంది. చిన్న మంట, నీలంగానే ఉంది. దాని మీద పాలు కాచాను. అయినా ఓడిన పందెం ఓడినట్టే. పోలిపాడ్యమి నాడు అరటిదొప్పల్లో దీపాలు పెట్టి కాలవలో వదిలి వచ్చాక గేదెలకు నీళ్ళు పోసి, కొబ్బరిపీచుతో రుద్ది రుద్ది కడిగాను. పెద్దదాని కొమ్ములకు నూనె రాశాను. అత్తారింటికి పంపుతున్నట్టు ఉందని నేనే నవ్వుకోబోయాను గానీ రాలేదు నవ్వు.

మర్నాడు బేరగాడు ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. చిన్నదాని పొదుగు చూశాడు, తల ఊపాడు. పెద్దదాని నోరు తెరిచి పళ్ళు చూశాడు.

"ఇది ముసలైపోయిందండి. పాలు ఏం ఇస్తదండీ ఇంక," అన్నాడు.

"నీ పళ్ళు చూపించరా ముందు," అన్నాను. "కిళ్ళీ నమిలి నమిలి గారపట్టిపోయాయి. నిన్నెవరు కొంటారు?"

"అమ్మా," అన్నాడు మా అబ్బాయి.

నేను పలుపు విప్పి వాడి చేతికి ఇవ్వబోయాను. అంతలో కోడలు నర్సరీ వైపు నుంచి వచ్చింది. చేతులకు మట్టి.

"ఆగండి. అమ్మట్లేదు," అంది.

"ఏంటే? నువ్వే కదా రమ్మన్నావు?" అన్నాడు మా అబ్బాయి.

"నేనే రమ్మన్నాను, నేనే వద్దంటున్నాను. ఆ గులాబీల వరస చూడండి ఒకసారి వెళ్ళి. మొదట్లో మంచి ఎరువు వచ్చినప్పుడు పోసినవి. పక్క వరసకు లేవు అన్ని మొగ్గలు. బస్తాలు కొని వేస్తే కూడా రాలేదు అలా. చామంతులు మాడింది ఎరువు వల్ల కాదండి, ఎరువు పాడైనందువల్ల. పాడుచేసింది గేదెలు కాదు." అంతవరకు అతనితో అని, నా వైపు తిరిగింది. "అత్తయ్యా, గేదెలు ఉంటాయి. కానీ ఆ తొట్టి నాది. పేడ ఎత్తి తెచ్చి పక్కన పెట్టడం వరకే మీ పని. కలపడం, పోయడం నేనే. ఒక్క అరటితొక్క కూడా మీ చేత్తో అందులో పడకూడదు. ఒప్పుకుంటారా?"

పక్కింటి కిటికీ తెరిచే ఉంది. వదిన ఊపిరి బిగపట్టి వింటోందని నాకు తెలుసు. ఆ పాకలో ఒకరు నాకు షరతు పెట్టడం అదే మొదటిసారి. నోటి దాకా చాలా మాటలు వచ్చాయి. ఆ ప్లాంటు తెచ్చిందెవరు, కట్టించిందెవరు, చేత్తో ఉండలు చిదిపిందెవరు. పెద్దది పలుపు లాగి నా భుజానికి మూతి రాసింది. దాని ముక్కు చల్లగా ఉంది.

"సరేనే," అన్నాను.

"గట్టిగా చెప్పండి. మీ అబ్బాయి వినలేదు."

"సరేనన్నానా!" అన్నాను. రోడ్డు మీద ఎవరో సైకిలు ఆపారు.

బేరగాడు నెత్తి గోక్కుని, ఇంత దూరం వచ్చినందుకు కాఫీ అయినా పోయమన్నాడు. కోడలు లోపలికి వెళ్ళి కాచి తెచ్చింది. దేని మీద కాచిందో అడగాలనుకుని అడగలేదు. వాడు తాగేసి ఖాళీ బండి వేసుకుని వెళ్ళిపోయాడు.

నిజం చెప్పాలంటే, ఆ రోజు గేదెలు ఉన్నందుకు ఎంత సంతోషించానో, తొట్టి చెయ్యి జారినందుకు ఇంచుమించు అంతే ఏడ్చాను. రెండింట్లో ఒకటే ఎంచుకో అని ఎవరైనా అడిగి ఉంటే వెంటనే జవాబు చెప్పేదాన్ని కాదని అనడానికి సిగ్గుగా ఉంది. అడగకపోవడమే మంచిదైంది.

పలుపులు మళ్ళీ రాటకు కట్టేసి, కడిగిన చెంబు తీసుకుని చిన్నదాని పక్కన గొంతుక్కూర్చున్నాను. అప్పటికే పొద్దెక్కింది, పాలు చేపి కారుతున్నాయి.